మా ఫిష్ ట్యాంకులో ఎవరెవరు కలిశారంటే

మా ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. నిమ్మనపల్లె, పెద్దపంజాణి, బి.కొత్తకోట అంటూ చుట్టుపక్కల మండలాలన్నీ తిరిగిన మనిషి. ఇప్పటికీ దారిన పోయే ఆవు తల తిప్పి చూస్తే తనను గుర్తుపట్టిందనే అనుకుంటారు. నేను పుంగనూరులో ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మదనపల్లె నుంచి పొద్దున పోయి సాయంత్రం వస్తాను. ఇలా ఇద్దరికీ జంతువుల సంగతి తెలిసిన ఇంట్లో ట్యాంకెడు చేపలు ఒకదాన్నొకటి చంపుకోకుండా బతకడానికి దాదాపు ఏడాది పట్టింది. చివరికి దారి చూపించింది కుప్పంలో జాకెట్లు కుట్టే మా వదిన.

ట్యాంకు మేము కొన్నది కాదు. పుంగనూరులో మా ఆయన స్నేహితుడొకాయన ఇల్లు మారుతూ, కొత్తింట్లో చోటు లేదని ఇచ్చేశాడు. నాలుగడుగుల గాజు ట్యాంకు. టమోటాలు దించి తిరిగొస్తున్న బండిలో, ఖాళీ బాక్సుల మధ్య దుప్పటి చుట్టుకుని మా ఇంటికొచ్చింది. హాల్లో టీవీ ఉండాల్సిన చోట దాన్ని పెట్టి, టీవీని పడగ్గదిలోకి పంపారు. నేను సరేనన్నాను. రిటైరైన మనిషికి ఒక పని దొరికితే వంటింట్లో పోపు ఎలా వేయాలో నాకు చెప్పడం తగ్గుతుందని నా ఆశ.

మదనపల్లెలో చేపలమ్మే ఒక భాయ్ ఉన్నాడు. తెల్లటి గడ్డం, నెమ్మదైన మాట. వల చేతిలోకి తీసుకునే ముందు ఎవరినైనా ఒకటే అడుగుతాడు, ట్యాంకులో ఇంకేమేం ఉన్నాయని. ఫిల్టరు కొనడానికి వెళ్ళినప్పుడు తన దుకాణం ఫిల్టరులోని పాత స్పాంజి ముక్క ఒకటి ఇచ్చి, నీళ్ళను చేపలకు పనికొచ్చేలా చేసే సూక్ష్మజీవులు దీంట్లో ఉంటాయి, ఇది వేసి కొన్ని వారాలు ఉట్టి నీళ్ళే తిప్పమన్నాడు. మా ఆయన ఆ మాట తూచా తప్పకుండా పాటించారు. మోకాలు నొప్పితో ఇల్లు కదల్లేకపోవడం అందుకు బాగా తోడ్పడింది.

మోకాలి నొప్పి తగ్గిన మరునాడు ఇద్దరం వెళ్ళాం. నచ్చినవన్నీ ఆయన వేలితో చూపిస్తూ పోయారు. రెక్కలు చాపుకుని దొరల్లా ఈదే ఏంజెల్ చేపలు రెండు. తోకలు రంగు గుడ్డల్లా ఊపే చిన్న గప్పీలు ఎనిమిది. నల్ల చారల టైగర్ బార్బులు రెండు. బొద్దుగా ఒక గోల్డ్ ఫిష్. భాయ్ వల కింద పెట్టేశాడు.

"ఇవన్నీ కలిపి నక్కో సార్, వద్దు," అన్నాడు. "ఏంజెల్ ఇప్పుడు సగమే పెరిగి ఉండాది. పెరిగితే అరచెయ్యంత అయితాది. గప్పీ దాని నోట్లో పట్టే సైజు. నోట్లో పట్టేదంతా దానికి తిండే."

"అలవాటు పడతాయిలే భాయ్. నేను ఒకే కొట్టంలో ఎద్దుల్నీ మేకల్నీ కట్టించినోణ్ణి."

"ఎద్దు మేకను తినదు కద సార్."

నాకు నవ్వొచ్చింది. నవ్వకుండా ఉండాల్సింది. నేను నవ్వాక ఆయన ఇక వెనక్కి తగ్గే ప్రశ్నే లేదు. టైగర్ బార్బులు ఆరేడు గుంపుగా ఉంటే వాటిలో అవే తరుముకుంటాయనీ, రెండే ఉంటే పక్క చేపల తోకలు కొరుకుతాయనీ, గోల్డ్ ఫిష్‌కు చల్లటి నీళ్ళు, వేరే ట్యాంకు కావాలనీ భాయ్ చెబుతూనే ఉన్నాడు. చెప్పినవన్నీ విని, తలాడించి, మా ఆయన అన్నీ కట్టించుకుని వచ్చారు.

మొదటి వారం మా హాలు పెళ్ళివారి ఇల్లులా ఉంది. ఎవరొచ్చినా ముందు ట్యాంకు, తర్వాతే మంచినీళ్ళు. రెండో వారంలో గప్పీలు ఆరయ్యాయి, మూడో వారంలో నాలుగు. ఒక్క శవమూ దొరకలేదు. మా ఆయన ముందు బల్లిని అనుమానించారు. తర్వాత ఎదురింటి పిల్లిని. ఆ తర్వాత నన్ను.

"నువ్వు నీళ్ళు మార్చేటప్పుడు బకెట్లో పడిపోయింటాయి, సూసుకోలేదు."

"నేను నీళ్ళు మార్చింది ఎప్పుడు?"

ఈలోగా గోల్డ్ ఫిష్ తోక చివర చీలికలు చీలికలైంది. విటమిన్ల లోపమని తేల్చి నీళ్ళలో ఏవో చుక్కలు వేశారు. టైగర్ బార్బులు ఆ చుక్కల చుట్టూ హాయిగా తిరిగి, మళ్ళీ వెళ్ళి అదే తోక పట్టుకున్నాయి.

ఒక ఆదివారం పొద్దున ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని ట్యాంకు ముందు కూర్చున్నారు. నేను వంటింట్లో ఉన్నాను. "ఇదో, ఇట్లరా," అన్న పిలుపు మామూలుగా లేదు. వెళ్ళి చూస్తే పెద్ద ఏంజెల్ కదలకుండా నిలబడి ఉంది. దాని నోటి బయట నారింజరంగు తోక ఒకటి ఇంకా ఆడుతోంది. మేము చూస్తుండగానే అదీ లోపలికి పోయింది.

తరగతిలో అలవాటైన నోరు కదా, "దీన్నే ఆహారపు గొలుసు అంటారు," అన్నాను.

"గమ్మునుండు."

ఆ మాటలో కోపం లేదు. ఆయన లేచి, మిగిలిన మూడు గప్పీల్ని గిన్నెతో పట్టి స్టీలు బకెట్లో వేశారు. బకెట్ పక్కనే నేల మీద కూర్చున్నారు. కాఫీ చల్లారిపోయింది. "నా చేత్తోనే ఏసినా గదా దాని ముందర. ఆయప్ప సెప్పినా యినకుండా," అన్నారు. ఏ ఊళ్ళో ఏ గొర్రె పోయినా ఆ పూట అన్నం సరిగ్గా తినని మనిషని నాకు తెలుసు. చేప చిన్నదైనంత మాత్రాన అది మారుతుందని నేనెందుకు అనుకున్నానో. ఆ రోజుకు వేళాకోళం మానేశాను.

మధ్యాహ్నం కుప్పానికి ఫోన్ చేశారు. మా వదిన, అంటే ఆయన అక్క, అక్కడ టైలరింగ్ షాపు నడుపుతుంది. జాకెట్టు కోసం తల్లులు కొలతలిస్తుంటే పిల్లలు అల్లరి చేయకుండా ఉండాలని షాపులో ఐదడుగుల ట్యాంకు పెట్టింది. ఎన్నో ఏళ్ళుగా చేపల్ని సాకుతోంది. ఆమె ఆ గురువారం సాయంత్రమే పుంగనూరు మీదుగా వచ్చే బస్సెక్కి, చేతిసంచితో దిగింది. చెప్పులు విడిచి నేరుగా ట్యాంకు దగ్గరికి పోయి చాలాసేపు చూసింది.

"ఏమిరా, రంగులు సూసి తెచ్చినావా? చీరకు మ్యాచింగా ఇది?"

"బాగుండాయి కదా అని..."

"ఎంత పెరుగుతాదో అడిగినావా? యాడ తిరుగుతాదో, పైనో అడుగునో? నీళ్ళు ఎట్లాంటివి కావాలో? గుణం ఎట్లాంటిదో?"

మా ఆయన నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను.

తర్వాత ఆమె వంటింట్లోకి వచ్చి, నేను నీళ్ళు కాచే గిన్నె తిరగేసి చూపించింది. "సూడు, తెల్లగా ఉప్పు పెచ్చు కట్టిండాది. బోరు నీళ్ళు. ఇట్లాంటి ఉప్పునీళ్ళలో బతికేవి తెచ్చుకోవాల. మోలీలు, ప్లాటీలు, ఈ గప్పీలు. ఇవి ఈ నీళ్ళకు సంతోషపడతాయి. నీళ్ళను మార్చలేవు కదా, చేపను మార్చు."

భాయ్ దుకాణానికి పోవడానికి మా ఆయనకు మొహం చెల్లలేదు. వదిన ముందు నడిచింది, ఏంజెల్స్‌నీ గోల్డ్ ఫిష్‌నీ డబ్బాల్లో పట్టుకుని ఆయన వెనక నడిచారు, ఆయన వెనక నేను. భాయ్ వాటిని చూశాడు, చీలిన తోకను చూశాడు. ముందే చెప్పాను కదా అనలేదు. ఎప్పటిలాగే అడిగాడు.

"ట్యాంకులో ఇంగేమేం ఉండాయి సార్?"

"మూడు గప్పీలు భాయ్. బార్బుల్ని మా అక్క తీసుకపోతాది. ఇంగ మీరెట్ల చెప్తే అట్ల."

ఆ రోజు వదినా భాయీ కలిసి చేపల్ని ఎంచిన తీరు నేను మరచిపోలేను. ఒకరు వల వేస్తే ఇంకొకరు వద్దంటారు. మగ ప్లాటీ ఒకటైతే ఆడవి మూడు, లేకపోతే ఒక్కదాన్నే వెంటపడి చంపుతుందట. మోలీలు కూడా అదే లెక్కన. అడుగున ఇసుకలో మీసాలతో వెతుక్కుంటూ తిరిగే కోరీ చేపలు ఆరు, వాటికి తోడు లేకపోతే బెంగ పెట్టుకుంటాయట. టైగర్ బార్బులు రెండింటినీ వదిన తనతో తీసుకుపోయింది. ఆమె ట్యాంకులో వాటి గుంపు ఒకటి అప్పటికే ఉంది.

ఆ తర్వాత కొన్ని నెలలు మా ఇంట్లో శాంతి. పైన గప్పీలు, నడుమ ప్లాటీలూ మోలీలూ, కింద కోరీలు. మా ఆయన ఒక నోటుపుస్తకం పెట్టారు. చేప పేరు, ఎంత పెరుగుతుంది, ఎక్కడ తిరుగుతుంది, గుణం ఏమిటి, అని గళ్ళు గీశారు. సాయంత్రాలు భాయ్ దుకాణంలోనే. ఏ చేప సంగతి ఎత్తినా ఉపన్యాసం మొదలయ్యేది. అప్పట్లో ఆయన్ని చూసి నేను చాలా నవ్వాను.

ఆ నవ్వు ఎక్కువకాలం నిలవలేదు.

ఒక సాయంత్రం పుంగనూరులో బస్సు కోసం నిలబడి ఉంటే, బేకరీ పక్కన కొత్తగా పెట్టిన చేపల దుకాణం కంటబడింది. ఒక తొట్టిలో ఒంటరిగా ఒక చేప. ఒళ్ళంతా నల్ల మఖమలు, తోక మాత్రం దానిమ్మ గింజ రంగు. వేలెడంత ఉంది.

"పేరు షార్కే గానీ శానా సాధువు మేడమ్," అంది అమ్మే ఆమె.

నేను జీవశాస్త్రం టీచర్ని. ఎంత పెరుగుతుందని అడగలేదు. గుణం అడగలేదు. ఆ రంగు చూసి తెచ్చేసుకున్నాను. బస్సులో కవరు ఒడిలో పెట్టుకుంటే కండక్టరు, "దానికి హాఫ్ టికెట్టా మేడమ్?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు గర్వంగా కూడా అనిపించింది.

ఇంట్లో మా ఆయన పుస్తకం తెరిచారు. "ఎంత పెరుగుతాది? గుణమేంది?"

"అన్నీ కనుక్కునే తెచ్చినా," అన్నాను. అబద్ధం అంత సులువుగా వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మూడు రోజులు అది రాయి వెనక నక్కి ఉంది. నాలుగో రోజు బయటికొచ్చి ట్యాంకంతా తనదే అన్నట్టు తిరగడం మొదలుపెట్టింది. కోరీలు ఇసుక మీదికి రావడం మానేశాయి. ఒకదాని రెక్క చిరిగింది. ప్లాటీలన్నీ పై మూలలో, బస్టాండులో వాన పడితే జనం నిలబడ్డట్టు, ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి.

"ఆడుకుంటాండాయి," అన్నాను.

ఆయన పెన్ను తీశారు. పుస్తకంలో ఏదో రాసి, అక్కడే వదిలేసి పోయారు. వెళ్ళి చూశాను. గుణం అన్న గడిలో "టీచరమ్మకు తెలుసు" అని ఉంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయనే వదినకు వీడియో పంపి, ఫోన్ స్పీకర్లో పెట్టారు.

"అది ఎర్రతోక షార్కు రా," అందామె. "అరడుగు అయితాది. తన జాగాలోకి ఎవుర్నీ రానీదు. ఎవురు తెచ్చినారు దాన్ని?"

నేను ఫోన్‌కు దూరంగా జరిగాను.

"ఎవురో తెచ్చినారులే అక్కా. ఇప్పుడేం సేయాల, అది సెప్పు."

అవతల ఒక్క క్షణం కుట్టుమిషను ఆగింది. "నువ్వు తెచ్చింటే ఈపాటికి దాన్ని వెనకేసుకొస్తా ఉంటావు. ఇంగొకరిని దాస్తాండావంటే తెచ్చింది ఆమే. ఏమ్మా, యినబడతాందా?"

"యినబడతాంది వదినా," అన్నాను. తన బార్బులు దానికి బెదరవనీ, పట్టుకుని తన దగ్గరికే తెమ్మనీ చెప్పి ఆమె ఫోన్ పెట్టేసింది.

రెండో శనివారం పొద్దున దాన్ని పట్టడానికి ఇద్దరం రెండు గంటలు తంటాలు పడ్డాం. ప్రతి రాయీ బయటికి తీస్తే తప్ప దొరకలేదు. డబ్బాలో వేసుకుని కుప్పం బస్సెక్కాం. దారంతా డబ్బా నా ఒళ్ళోనే, మాట్లాడే హక్కు ఆయనకే. పుంగనూరు దాటుతుంటే బేకరీ వైపు చెయ్యి చూపించి, "ఇదేనా మీ పరిశోధనశాల?" అన్నారు. పలమనేరు వచ్చేదాకా నేను డబ్బాలో చేపనే చూస్తూ కూర్చున్నాను.

వదిన షాపులో టైగర్ బార్బులు గుంపుగా తిరుగుతున్నాయి. మావి రెండూ ఏవో గుర్తుపట్టలేనంతగా కలిసిపోయాయి. ఆమె షార్కును వెంటనే వదల్లేదు. ముందు చేతులు ముంచి ట్యాంకులో రాళ్ళూ మొక్కలూ అన్నీ చోటు మార్చింది. జాకెట్టు కోసం కూర్చున్న ఒకామె, "యాల అక్కా, బాగుండేదాన్ని కలగాపులగం సేస్తాండావు?" అని అడిగింది.

"అందరి ఇల్లూ మారిపోతే ఇది నాది అనేది ఎవురికీ ఉండదు. ఇంగ కొత్తదానితో యాల కొట్లాడతాయి?"

షార్కు నీళ్ళలోకి దిగి, ఒక వంపు తిరిగిన కొయ్య కింద దూరింది. బార్బులు ఒకసారి వచ్చి చూసి, వాటిలో అవే తరుముకుంటూ వెళ్ళిపోయాయి. వదిన చేతులు తుడుచుకుని మాకు అన్నం పెట్టింది. తింటున్నంతసేపూ షాపు సంగతులే చెప్పింది. తిరుగు బస్సెక్కేటప్పుడు మాత్రం, "ఏమ్మా, బళ్ళో పిల్లోళ్ళకు ఏం పాఠం సెప్తాండావు నువ్వు?" అంది.

మా ట్యాంకులో కోరీ రెక్క నెలలోపే మళ్ళీ వచ్చింది. మోలీ పిల్లలు పెట్టింది. మొన్న ఫిల్టరు స్పాంజి కోసం నేనొక్కదాన్నే భాయ్ దగ్గరికి వెళ్ళాను. వ్యాపారం ఎలా ఉందని అడిగాను.

"సార్ వచ్చి కూసోవడం మొదలుపెట్టినప్పట్నుంచి నా చేపలన్నీ శానా సంతోషంగా ఉండాయి మేడమ్," అన్నాడు భాయ్, గడ్డం సర్దుకుంటూ. "యాడికీ పోవడం లేదు గద."

కొనడానికొచ్చిన ప్రతి ఒక్కరినీ మా ఆయన నాలుగు ప్రశ్నలడిగి ఇంటికి పంపేస్తున్నారట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. తన పుస్తకంలోని గళ్ళన్నీ పెద్ద అట్ట మీద ఎక్కించి, ఇకమీదట తను లేకపోయినా ఇది చూసి తెలుసుకుంటారని దుకాణం గోడకు తగిలించి వచ్చారు. అది మందుల చీటీలు రాసిన చెయ్యి. ఆ అక్షరాలు ఇంతవరకూ ఎవరూ చదవలేకపోయారు. వచ్చినవాళ్ళు కాసేపు దాని ముందు తల వంచి నిలబడి, చివరికి భాయ్‌నే అడుగుతున్నారు.