సి బ్యాచ్

ఎంసెట్ రాసి వచ్చిన మర్నాటి నుంచీ సాలేహా బోధన్ బస్టాండు ఎదుట తండ్రి సిరాజ్ ఫ్లెక్సీ దుకాణంలోనే కూర్చుంటోంది. తోటివాళ్లు కీ చూసుకుని మార్కులు లెక్కేసుకుంటుంటే, ఆమె కంప్యూటర్‌లో పెళ్లి ఫ్లెక్సీల్లోని ముఖాలకు తెలుపు అద్దేది. "పరీక్ష అయిపాయె, ఇగ ఏం జేస్తవ్?" అని ఎవరైనా అడిగితే, "సూస్తున్న" అనేది. డిసెంబరులో కాలేజీ వైస్ ప్రిన్సిపాల్ చక్రవర్తి అందరి ముందూ ఆమె బ్యాగు తీయించి, "ఇంజనీరింగ్ నీ వల్ల కాదు" అంటూ ర్యాంకులు ఆశించే స్టార్ బ్యాచ్ నుంచి, వెనకబడ్డవాళ్లను వేసే సి బ్యాచ్‌కు పంపాడు. ఆ మాట ఆమె ఇంట్లో చెప్పలేదు, మరచిపోనూ లేదు.

ర్యాంకులొచ్చాయి. కాలేజీలో మొదటి ర్యాంకు ఆమెదే. సాయంత్రానికల్లా చక్రవర్తి స్వీటు డబ్బాతో దుకాణానికి వచ్చాడు. "మన కాలేజీ ఫ్లెక్సీలో నీ ఫోటో మధ్యలో పెద్దగా పెట్టమ్మా" అన్నాడు. "పెడ్త సార్" అంది, మౌస్ వదలకుండానే. ఆ వినయం చూసి ఆయన అచ్చుకు ముందు చూసుకునే ప్రూఫ్ కూడా అడగలేదు. తెల్లారి బస్టాండులో ఫ్లెక్సీ లేచింది. ఆమె ఫోటో కింద, ర్యాంకు కన్నా పెద్ద అక్షరాల్లో "సి బ్యాచ్" అని ఉంది. ఫ్లెక్సీ చూసుకోవడానికి వచ్చిన చక్రవర్తిని, అడ్మిషన్లకు వచ్చిన తండ్రులు అక్కడే చుట్టుముట్టారు. "స్టార్ బ్యాచ్ వద్దు సార్, మా పిల్లను గా సి బ్యాచ్‌లనే ఏయుండ్రి." దుకాణం మెట్టు మీద కూర్చుని సాలేహా అప్పుడు స్వీటు డబ్బా విప్పింది.