గోరల్ పిల్ల నా వైపు చూసిన రోజు

2016 నవంబరు. రంగూన్‌లో లత అనే పేటలోని మా ఫొటో స్టూడియోను అల్లుడికి అప్పగించి కొన్ని నెలలైంది. నలభై ఏళ్లు పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫొటోలు, పసిపిల్లల ఫొటోలు తీసిన నాకు అప్పుడు అలవాటు లేని పని ఒకటి వచ్చింది. మా అన్నయ్య కూతురు సుజాత అడవి జంతువుల సర్వే చేస్తుంది. ఉత్తరాన మంచుకొండల కింద ఒక లోయకు గోరల్‌ల కోసం వెళ్తోంది. ఆమె ఫొటోగ్రాఫర్‌కు జ్వరం రావడంతో నన్ను రమ్మంది. గోరల్ అంటే మేకకూ జింకకూ మధ్యలా కనిపించే ఎర్రటి కొండజంతువు.

అవసరమేమిటో ముందే చెప్పింది. తమ కొండ మీద గోరల్ పిల్లలు పుట్టి పెరుగుతున్నాయని ఫొటోలో చూపిస్తే అక్కడ ఉచ్చులు పెట్టడం ఆపిస్తామని ఆ ఊరి పెద్దలు మాట ఇచ్చారు. మాకున్నది ఆరు రోజులు.

నాలుగు రోజులు మంచుతెర తప్ప ఏమీ కనిపించలేదు. ఐదో రోజు ఉదయం ముగ్గురం హైడ్‌లో కూర్చున్నాం. హైడ్ అంటే జంతువులకు మనం కనబడకుండా ఆకుల రంగు గుడ్డతో కట్టుకునే చిన్న గుడారం. నేను, సుజాత, ఒకప్పుడు వేటాడి ఇప్పుడు దారి చూపిస్తున్న కో ఫోంగ్. ఎనిమిది దాటాక బండ పక్క నుంచి ఒక పిల్ల బయటికి వచ్చింది. వెనకే తల్లి వీపు కనిపించింది. పిల్ల ముఖం మాత్రం అటు తిరిగి ఉంది.

స్టూడియోలో పసిపిల్లలు ఇటు చూడాలంటే నాలుకతో టక్కుమని చప్పుడు చేస్తాను. ఆలోచించకుండా అదే చేశాను. పిల్ల సూటిగా లెన్స్‌లోకి చూసింది. షట్టర్ నొక్కాను. అదే క్షణంలో తల్లి బుస్సుమని ఒక్క దూకులో పక్కనున్న చీలిక దాటి పైకి వెళ్లిపోయింది. పిల్ల దూకలేక ఇటే ఆగిపోయింది.

"ఏటి చిన్నాన్నా, పాస్‌పోర్టు ఫొటో తీస్తన్నావా?" అంది సుజాత గుసగుసగా. నవ్వలేదు.

"అలవాటమ్మా."

"తల్లి రాకపోతే దాన్ని సాయంత్రానికి ఏ డేగో ఎత్తుకుపోద్ది."

"కదలకుండా ఇక్కడే ఉందాం. తల్లి వచ్చినప్పుడు రెండింటినీ కలిపి తీస్తాను."

కో ఫోంగ్ తల అడ్డంగా ఊపి బర్మీస్‌లో అన్నాడు. "ఊలే, మన వాసన ఇక్కడున్నంతసేపు అది రాదు." ఊలే అంటే చిన్నాన్నే.

"మరి ఫొటో?" అన్నాను సుజాతతో.

"ముందు పిల్ల బతకనీ. పద."

హైడ్ విప్పి, లోయలోకి దిగి, ఎదుటి కొండ ఎక్కేసరికి మధ్యాహ్నమైంది. అక్కడి నుంచి టెలీఫోటోలో, అంటే దూరపు వస్తువును దగ్గరగా చూపే లెన్స్‌లో, పిల్ల ఆవగింజంత కనిపించింది. గడ్డిలో ముడుచుకుని పడుకుంది. నాలుగు దాటాక పై నుంచి ఎర్రటి చుక్క ఒకటి దిగుతూ, ఆగుతూ, గాలి వాసన చూస్తూ వచ్చింది. పిల్ల లేచి దాని కడుపు కిందికి దూరింది.

వెలుతురు చాలక ఐ.ఎస్.ఓ., అంటే కెమెరా వెలుతురును పట్టుకునే శక్తిని, బాగా పెంచాల్సి వచ్చింది. అందుకే ఫొటో అంతా ఇసుక చల్లినట్టు పడింది.

మర్నాడు ఊళ్లో పెద్దల ముందు లాప్‌టాప్ పెట్టాం. మొదట నేను క్రితం రోజు ఉదయం తీసిందే చూపించాను. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. వెనకనున్నదంతా పచ్చటి పొగలా కరిగిపోయింది.

"బాగుంది. ఇది ఏ కొండ?" అన్నాడొక పెద్దాయన.

"జంతుప్రదర్శనశాలలోదేమో," అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

సుజాత రెండో ఫొటో తెరిచింది. పెద్దాయన ముందుకు వంగి తెర మీద వేలు పెట్టాడు. "ఇది తెల్లబండ. దాని పక్క సందులోనే మా నాన్న తేనె తీసేవాడు." తర్వాత ఆ వేలు కిందికి జరిగి ఆగింది. "పిల్ల పాలు తాగుతోంది."

ఆ వారమే తెల్లబండ చుట్టూ ఉన్న ఉచ్చులు తీసేశారని కో ఫోంగ్ కబురు పంపాడు.

నలభై ఏళ్లు మనుషుల వెనక తెర కట్టి ముఖాలు తీశాను. ఫొటోలో ప్రాణితో పాటు దాని చోటు కూడా ఉండాలనీ, అది నా వైపు చూడాల్సిన అవసరం లేదనీ ఆ కొండల్లో నేర్చుకున్నాను. మొదటి ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. స్టూడియో షోకేసులో పెడతానని అల్లుడు అడిగితే ఇవ్వలేదు. చూసినవాళ్లు ఆ కళ్లు ఎంత బాగున్నాయో అంటారు. అవి బెదిరిన కళ్లు.