పైకోటు మీద పట్టీ

చలికాలం సముద్రం బిగుసుకుందంటే ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవికి బయటి లోకంతో ఉన్న దారల్లా మా కేప్ రేవులోని మంచుపడవలే. నీళ్ళున్న చోట తెడ్లు వెయ్యాలి, గడ్డకట్టిన చోట పడవను లాక్కుపోవాలి. అలా తొమ్మిది మైళ్ళు. ఆడవాళ్ళూ, పూర్తి చార్జీ ఇచ్చిన మగవాళ్ళూ పడవలో కూచుంటారు. సగం చార్జీ ఇచ్చినవాళ్ళు మాత్రం పడవవాళ్ళతో పాటు పట్టీ తగిలించుకుని లాగాలి. పట్టీ అంటే భుజాల మీదుగా ఒంటికి బిగించే తోలు. దాని తాడు పడవకు కట్టి ఉంటుంది. కాళ్ళ కింద మంచు విరిగి నీళ్ళలో పడ్డా, ఆ తాడే మనిషిని పోనివ్వదు.

ఈవన్ మెక్‌ఫీ ఇరవై ఏడు చలికాలాలు ఆ పట్టీ మోశాడు. అందులో సగానికి పైగా ముందు మనిషి అతనే. ముందు మనిషంటే మాటలా? ఇనపములికి ఉన్న గెడతో పొడుచుకుంటూ, ఏ మంచు మోస్తుందో ఏది మింగుతుందో చెప్పాలి. వెనక పది ప్రాణాలు అతని మాట మీదే అడుగేస్తాయి. ఆ పనిలో అతన్ని మించినవాడు లేడు. నోటిదూలలోనూ లేడు. డబ్బిచ్చి పడవలో కూచున్న మగవాణ్ణి చూస్తే చాలు, అతని నాలుక ఊరుకునేది కాదు.

1903 ఫిబ్రవరిలో అవతలి ఒడ్డు నుంచి వస్తున్న పడవలో సిమియన్ ప్రాట్ అనే దర్జీ పూర్తి చార్జీ ఇచ్చి కూచున్నాడు. మనిషి బక్కపలచగా, ముక్కు దాకా శాలువా చుట్టుకుని ఉన్నాడు. ఊపిరితిత్తుల జబ్బుతో నెలరోజులు ఆస్పత్రిలో పడుండి ఇంటికొస్తున్నాడని ఎవరికీ తెలీదు. తెలుసుకునే ఓపిక ఈవన్‌కి ఎక్కడిది? బయల్దేరిన దగ్గర్నుంచీ మొదలెట్టాడు.

“దొరసానిగారికి కాళ్ళు చల్లబడ్డట్టున్నాయి, ఇంకో దుప్పటి కప్పండర్రా” అన్నాడు. లాగేవాళ్ళంతా పగలబడి నవ్వారు. మూడోసారి అన్నప్పుడు దర్జీ మొహం కందిపోయి, కిందికి దిగి, నాకూ ఒక పట్టీ ఇవ్వండన్నాడు.

పట్టీ ఎప్పుడూ పైకోటు లోపల వెయ్యాలి. తడిసిన కోటు ఒంటిమీంచి జారిపోతే పైనున్న పట్టీ కూడా దానితోనే పోతుంది. కేప్‌లో పాలుతాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది. కానీ ఆ కోటుకి అన్నీ గుండీలే. ఆ ఈదురుగాల్లో అవన్నీ ఎవడు విప్పిస్తాడు? ఈవన్ నవ్వుతూనే కోటు మీదే పట్టీ వేసి బిగించేశాడు. ఎంత దూరంలే అనుకున్నాడు.

అర మైలు కూడా పోలేదు. కాళ్ళ కింద మంచు విరిగి దర్జీ నీళ్ళలో పడ్డాడు. తాడు లాగితే కోటూ, పట్టీ, చేతితొడుగులూ వచ్చాయి గానీ మనిషి రాలేదు. పడవ కెప్టెన్ లాక్లాన్ మంచు మీద బోర్లా పడుకుని, చెయ్యి నీళ్ళలోకి పెట్టి, జుట్టు దొరకబుచ్చుకుని బయటికి ఈడ్చాడు. దర్జీని పడవలో పడేసి కంబళ్ళు కప్పాక అందరివైపూ తిరిగాడు.

“కోటు మీద పట్టీ వేసిన వెధవ ఎవడ్రా?”

ఈవన్ నోరు తెరిచాడు. ఈలోగా కంబళ్ళ కిందనుంచి, పళ్ళు టకటకా కొట్టుకుంటూ, దర్జీయే అన్నాడు. “నేనే. నేనే వేసుకున్నా.”

ఈవన్ తెరిచిన నోరు మూసుకున్నాడు.

మిగిలిన ఐదు మైళ్ళూ ఎవరి కాలూ తడవకుండా తీసుకొచ్చాడు. ఒడ్డున దర్జీని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి గుర్రపుబండి నిలబడి ఉంది. ఈవన్ అటు చూడకుండా టపా సంచులు దింపే పనిలో పడ్డాడు. దర్జీ బతికాడు. కానీ చలికి చచ్చుబడ్డ కుడిచేతి వేళ్ళు నాలుగు తీసేశారు.

అసలు శిక్ష ఆ తర్వాత మొదలైంది. ప్రతి ప్రయాణానికీ ముందు ఈ సంగతి జనానికి చెప్పి హెచ్చరించమని కెప్టెన్ హుకుం వేశాడు. చెప్పాల్సింది ముందు మనిషే. “దర్జీ సిమియన్‌లా తెలివితక్కువ పని చెయ్యకండి” అని ఈవన్ పద్నాలుగేళ్ళు చెప్పాడు. జనం నవ్వేవాళ్ళు. ఆ మాట దీవంతా పాకింది. కోటేసుకోవడం చేతకాని దర్జీ అని పిల్లలు కూడా వెక్కిరించేవాళ్ళట. అది చెవిన పడ్డ రోజున ఈవన్‌కి నాలుక కోసేసుకుందామనిపించేది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ అదే నాలుకతో అదే అబద్ధం చెప్పేవాడు.

1917లో మంచు కోసుకుపోయే పెద్ద ఆవిరి ఓడ వచ్చింది. మంచుపడవలన్నీ ఒడ్డున మూలపడ్డాయి. ఇక ఆ మాట చెప్పే పని లేదు. అప్పుడు గానీ ఈవన్‌కి దర్జీ గుమ్మం తొక్కే ధైర్యం రాలేదు.

కొట్లో సిమియన్ భార్య మిషను కుడుతోంది. ఆయన ఎడంచేత్తో గుడ్డ మీద సుద్దగీతలు గీస్తున్నాడు. ఈవన్ టోపీ తీసి, నేల చూపులు చూస్తూ చెప్పేశాడు. “ఆ రోజు పట్టీ వేసింది నేనండీ.”

“తెలుసు కదయ్యా. వేయించుకున్నవాణ్ణి నేనే కదా” అన్నాడు సిమియన్.

“మరి తప్పు మీ మీద ఎందుకు వేసుకున్నారు?”

సిమియన్ సుద్దముక్క కింద పెట్టాడు. “ఇంకా ఐదు మైళ్ళుంది. ఆ కోపంలో కెప్టెన్ నిన్ను ముందునుంచి తప్పిస్తే మమ్మల్ని ఒడ్డుకి చేర్చేదెవరు? అందుకని అన్నా. ఒడ్డు దాకానే అనుకున్నానయ్యా. దిగాక నువ్వే చెప్తావనుకున్నా.”

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే ఈవన్‌కి కాస్త తేలిగ్గా ఉండేదేమో.

“బండి కదిలేదాకా నీకోసం చూశా. ఆ తర్వాత కూడా చాన్నాళ్ళు చూశా” అని సిమియన్ మళ్ళీ గుడ్డ మీదికి వంగాడు.