విమానంలో విసనకర్ర

కాకినాడ నుంచి సికింద్రాబాద్ వెళ్లినప్పుడు, అక్కడ ఇద్దరు పట్టే చిన్న విమానం సరదాగా ఎక్కాను. ఎత్తు, దిక్కు, వేగం అన్నీ పైలట్ ముందు బిగించిన ట్యాబ్‌లో కనిపిస్తాయి. పైలట్ మెట్టుగూడ అమ్మాయి సునీత. గాల్లో ఉండగా ఎండకు వేడెక్కి ట్యాబ్ ఆగిపోయింది. సీటు అంచు గట్టిగా పట్టుకున్నాను.

"పరేషాన్ గాకుండ్రి సార్, పాత మీటర్లు సుత ఉన్నయి. జెర దీనికి ఇసురుండ్రి," అంటూ తాటాకు విసనకర్ర నా చేతిలో పెట్టింది.

చెయ్యి నొప్పెట్టేదాకా విసిరితే తెర వెలిగింది. మళ్లీ ఆగిపోకుండా దిగేదాకా దానికే విసురుతూ కూర్చున్నాను.

దిగాక, టిఫిన్ డబ్బాతో వాళ్లమ్మ ఎదురొచ్చింది. "ఇసురుకున్నవా బిడ్డా? ఉడికిపోతవనే ఇచ్చిన."

"ఇసురుకున్ననమ్మా."

చెమటకు తడిసిన కూతురి మొహం చూసి, ఆవిడ నావైపు తిరిగింది. "నిజమేనా సారూ?"

"దారంతా విసనకర్ర ఆగలేదమ్మా," అన్నాను.