ఖాజా భాయ్ రంపానికి కొత్త మీట

రిటైర్ కావడానికి ఏడాది ముందు, జూన్‌లో, నన్ను పటాన్‌చెరులోని మా ఫ్యాక్టరీ టూల్‌రూమ్ నుంచి సేఫ్టీ విభాగానికి బదిలీ చేశారు. హోదా సీనియర్ ఇన్‌స్పెక్టర్. ఫ్యాక్టరీలోకి వచ్చే ప్రతి యంత్రాన్నీ గేటు దగ్గర పరీక్షించి, పచ్చ ట్యాగో ఎర్ర ట్యాగో కట్టేదాన్ని.

స్టోర్స్‌లో పనిచేసే ఖాజా భాయ్ ఒక శనివారం షిఫ్టు అయ్యాక గోనెసంచిలో పాత చెయిన్ సా, అంటే ఇంజన్ రంపం, గేటు దగ్గరకు తెచ్చాడు. కలప డిపోలో మూలపడిన పెద్ద యంత్రం. పిస్టన్ రింగులు, క్లచ్ మార్చి, బీరంగూడలోని ఇంట్లో తనే బాగుచేసుకున్నాడు. బొంతపల్లి దగ్గర ఆయనకున్న ఎకరం చెలకను సర్కారు తుమ్మ కమ్మేసింది. ముళ్లకు భయపడి కూలీలు రావడం లేదు. అదను దాటకముందే నరికి కంది వేయాలని ఆయన ఆశ.

"జెర సూడుండ్రి మేడం. నా పొలంల నేనే నడుపుకుంట" అన్నాడు.

ఇంజన్‌కు వంక పెట్టడానికి లేదు. కానీ వెనక పిడి మీది లాక్‌ను ఎప్పుడూ నొక్కి ఉండేలా తీగతో కట్టేశాడు. అరచెయ్యి ఆ లాక్‌ను నొక్కి ఉంచితేనే కింద ఇంజన్ వేగం పెంచే రేసు మీట కదలాలి. దాన్ని కట్టేస్తే, కొమ్మ తగిలి మీట నొక్కుకున్నా చెయిన్ తిరుగుతుంది. తీగ తీసేదాకా యంత్రాన్ని ముట్టుకోవద్దని కాస్త గట్టిగానే చెప్పాను.

ఆయన కుడిచెయ్యి నా ముందు పెట్టాడు. చూపుడువేలు లేదు. ఎప్పుడో వేరే కంపెనీ ప్రెస్సులో పోయిందట.

"షౌక్ కోసం కట్టలే మేడం. నడుమ వేలుతోని మీట ఒత్తితే చెయ్యి ముంగటికి జరుగుతది, లాక్ అందది. ఇగ నేనేం జెయ్యాలె?"

సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ చేతి నుంచి ఏళ్ల తరబడి సామాన్లు తీసుకున్నాను. ఒక్కసారీ గమనించలేదు.

మర్నాడు ఆయన ఇంటికి వెళ్లి, మీటనే వేలి దగ్గరకు తెద్దామన్నాను. గోధుమపిండి ముద్ద పిడికి అద్ది, ఆయన చేత పట్టించి, నడిమి వేలు పడే చోటు గుర్తు తీసుకున్నాం. అల్యూమినియం పట్టీని ఆ మేరకు కోసి, ఆకురాయితో అరగదీసి, మీటకు రివిట్లతో బిగించాం. తీగ తీసేసి నడిపితే, వేలు వదిలినా ఇంజన్ అరుస్తూనే ఉంది. కొత్త పట్టీ పిడికి తగిలి ఇరుక్కుపోయింది. ఖాజా భాయ్ గబుక్కున స్విచ్ ఆపాడు.

"నసీబే గిట్లుంది మేడం."

"నసీబు కాదు భాయ్, రెండు మిల్లీమీటర్లు ఎక్కువైంది."

మళ్లీ అరగదీశాం. ఈసారి వేలు వదలగానే రేసు పడిపోయి చెయిన్ ఆగింది. నమ్మకం కుదిరేదాకా పదేపదే చూశాం. చెయిన్ బ్రేకు కూడా పరీక్షించాను. మార్పులు చేసిన యంత్రాన్ని ఫ్యాక్టరీలోకి రానివ్వరని, అది ఆయన పొలానికే, ఆయన చేతికే పరిమితమని చెప్పాను.

తర్వాతి ఆదివారం హెల్మెట్, కళ్లద్దాలు, తోలు తొడుగులతో ఆయన మొదటి తుమ్మను కోశాడు. యంత్రం ఆపాకే నా వైపు తిరిగి, "పట్టు దొరికింది మేడం!" అని అరిచాడు. ఆ వానలకే కంది మొలిచింది.

మా తనిఖీ ఫారంలో ఒక గడి ఉండేది: రక్షణ పరికరం పనిచేయకుండా చేశారా, అవునా, కాదా? అంతవరకూ, చేసి ఉంటే "అవును" మీద టిక్కు పెట్టి సంతకం చేసేదాన్ని. మిగిలిన నెలల్లో, ఎందుకు చేశారో ఆ యంత్రం నడిపే పనివాడినే అడిగి ఆ గడి కింద రాశాను. చాలాసార్లు జవాబు యంత్రం కొలతల్లోనే దొరికేది. కొలతలైతే సరిచేయవచ్చు.