బెల్టు మీద తిరిగే అన్నం

వండిన అన్నం ఒకరి చేతి నుంచి ఇంకొకరి కంచంలోకి రావాలి. నాకు తెలిసింది అంతే. అది రబ్బరు పట్టీ మీద ఊరేగుతూ, దగ్గేవాడి ముందు నుంచి, ముక్కు చీదేవాడి ముందు నుంచి జరుగుతూ పోయి, ఎవరూ తీసుకోకపోతే సిగ్గు లేకుండా మళ్ళీ మన ముందుకే రావడం ఈ జర్మనీలో, డార్మ్‌స్టాట్‌లో చూశాను. చూసి వచ్చిన రోజు రాత్రి నాకు మంచినీళ్ళు కూడా సయించలేదు.

నేను ఇక్కడ మా కూతురి ఇంట్లో ఉంటాను. కూతురు, అల్లుడు ఇద్దరూ కంప్యూటర్ ఉద్యోగాలు చేస్తారు. మనుమరాలికి ఏడేళ్ళు. ఇంట్లో నలుగురం ఉన్నాం గానీ, వారంలో ఆరు రోజులు మా తిండికి ఒక వేళ లేదు, ఒక చోటు లేదు. అల్లుడు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైల్లో వచ్చి, వంటింట్లో నిలబడి, ఫోను చూసుకుంటూ తింటాడు. కూతురు లాప్‌టాప్ పక్కన గిన్నె పెట్టుకుని, మాటల మధ్యలో చెంచా నోట్లో పెట్టుకుంటుంది. పిల్ల సాయంత్రం చల్లటి రొట్టె మీద చల్లటి చీజు ముక్క పరిచి, దాన్నే భోజనం అంటుంది. పొయ్యి వెలగని భోజనం ఏం భోజనమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆదివారం ఒక్కటే నాది. ఆ రోజు ఈ దేశంలో హోటళ్ళు తప్ప దుకాణాలన్నీ మూసేస్తారు, ఆఫీసులు ఉండవు. మధ్యాహ్నం నేను కింద చాప పరిచి, పెద్ద స్టీలు పళ్ళెంలో అన్నం, పప్పు, నెయ్యి వేసి కలుపుతాను. చుట్టూ అందరూ కూర్చుంటారు. కూతురికి, అల్లుడికి చేతిలో ముద్ద పెడతాను, మా దిక్కు బుక్క అంటాం. మనుమరాలికి నోట్లో పెడతాను. ఆఖరి ముద్ద నాది. మా అమ్మ అలాగే పెట్టేది, మా అత్త అలాగే పెట్టేది. కలిపే చేయి ఒకటే కాబట్టి ఎవరికీ ఎక్కువ తక్కువ అనిపించదు, మెతుకు మిగలదు, కడగడానికి ఒకటే పళ్ళెం. అంతకంటే పొదుపైన పద్ధతి ఉంటే నాకు చూపించమనండి.

పిల్ల రెండో తరగతికి వచ్చాక ఒక ఆదివారం ముద్ద దగ్గరికి తీసుకుపోతే పెదవులు బిగబట్టింది.

"ఏందే, నోరు తెరువు."

"నాయిన్. ఇగిట్!"

నాయిన్ అంటే వద్దు. ఇగిట్ అంటే ఇక్కడి పిల్లలు కుక్క పెంట తొక్కినప్పుడు అనే మాట. నా చేతిలో ఉన్నది నెయ్యి వేసిన పప్పన్నం.

"ఏం ఇగిట్టే? పప్పు గాదా?"

"పప్పు గుట్ ఉంది. నీ ఫింగర్స్ నా నోట్లకు వస్తయి. అది ఇగిట్."

"కడుక్కున్న చెయ్యే ఇది. మీ అమ్మ గూడ ఈ చెయ్యితోనే పెరిగింది."

"నా ఫ్రెండ్ వాళ్ళ ఓమా అట్ల పెట్టదు."

ఓమా అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ. ఆ ఓమాను నేను మా బిల్డింగు మెట్ల మీద చూశాను. కుక్కను మూతి మీద ముద్దు పెట్టుకుంటుంది. ఆ మూతి ఇగిట్ కాదు, నా చేయి ఇగిట్.

ఆ వారం పిల్ల చెంచాతో తింది. తరువాతి వారం చెంచాతో కూడా తినలేదు. స్నేహితురాలి పుట్టినరోజుకు ఎక్కడో జపాను హోటలుకు తీసుకుపోయారట, అక్కడ తిండి బెల్టు మీద తిరుగుతుందట. ఆదివారం అక్కడికే పోదామని ఒకటే పోరు. అల్లుడు కూడా వంత పాడాడు.

"ఒక్కసారి చూడుండ్రి అత్తమ్మా. మంచిగనిపిస్తే ఇగ ప్రతి సండే బయటనే తిందాం. మీకు గూడ రెస్టు."

నాకు రెస్టు కావాలని ఎవరు చెప్పారు? నాకు కనపడింది ఒకటే. ఆదివారం కూడా బెల్టు ఎక్కి పోతే, ఈ ఇంట్లో నలుగురం కలిసి మెతుకు ముట్టే రోజు ఇక ఉండదు. అది చెప్తే ముసలిదాని చాదస్తం అంటారు. అందుకని, "వస్త పాండ్రి, చూస్త," అన్నాను. చూసి, అందులోని రోతను వాళ్ళ కళ్ళకు చూపించి, ఆ ముచ్చట అక్కడితో తెంపేద్దామని నా ఉద్దేశం.

తలుపు దగ్గర ఒక బొమ్మ పిల్లి ఆగకుండా చేయి ఊపుతోంది, రమ్మంటుందో పొమ్మంటుందో తెలియకుండా. లోపలికి అడుగు పెట్టగానే వాసన కొట్టింది. నీచు వాసన, మీద తీపి వాసన, దాని మీద మరిగిన నూనె వాసన. మేము చేపలు తినని వాళ్ళం కాదు. కొర్రమీను ఇంటికొస్తే బూడిదతో రుద్ది, ఉప్పూ పసుపూ పట్టించి, నీళ్ళు తేటగా దిగేదాకా కడిగి, చింతపండు పులుసులో ఉడికిస్తే గానీ నీచు పోదు. ఇక్కడ ఆ కష్టమేమీ లేదు. పచ్చి చేపను కోసి, అన్నం మీద పడుకోబెట్టి, ప్లాస్టిక్ మూత పెట్టి బెల్టు మీద వదిలేస్తారు. ఇంకో పళ్ళెంలో అన్నాన్ని నల్లటి ఆకులో చుట్టారు. సముద్రపు నాచు అంది మా కూతురు. మా ఊళ్ళో నీళ్ళ గోలెంలో నాచు పట్టిందంటే కొబ్బరి పీచుతో గీకి పారబోసేదాన్ని. దాన్ని ఎండబెట్టి అమ్మొచ్చని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

పక్క బల్ల దగ్గర పెద్దమనిషి వేడి తువ్వాలుతో చేతులు తుడుచుకుని, మొహం తుడుచుకుని, మెడ తుడుచుకుని, ఆ చేత్తోనే బెల్టు మీది మూత ఎత్తి చూసి, నచ్చక మళ్ళీ మూసేశాడు. ఆ పళ్ళెం నేరుగా మా దగ్గరికి వచ్చింది. మా అల్లుడు తీసుకున్నాడు.

"ఆయన ముట్టిండు అది."

"మూతనే ముట్టిండు అత్తమ్మా."

"మూతి గూడ పెట్టేదాక ఆగుతరా?"

పిల్ల నవ్వింది. దాని నవ్వు ఇంట్లో వినపడి చాలా రోజులయింది. తండ్రీ కూతుళ్ళు ఒక ఆట మొదలుపెట్టారు. బెల్టు మూల తిరిగే చోట గోడ అడ్డం ఉంది. ఆ గోడ వెనుక నుంచి ముందు ఏం వస్తుందో చెప్పాలి. "చేప!" అంటాడు ఈయన. "వాకెల్ వాకెల్!" అంటుంది అది, అంటే వణికే ఎర్ర జెల్లీ. జెల్లీ వస్తే బల్ల మీద గుద్ది కేకలు. వంటింట్లో నిలబడి తినే మనిషి ఫోను జేబులో పెట్టి, పిల్లతో సమానంగా మెడ చాచి గోడ వైపు చూస్తున్నాడు. మా కూతురు కూడా పందెంలో చేరింది. నేను ఆ జెల్లీ మీది నుంచి చూపు తిప్పుకున్నాను. పిల్ల మొహం చూశాను. అది చూశాక రోతను చూపిద్దామని వచ్చిన నా మాటలు అంత తొందరగా నోట్లోంచి రాలేదు.

నేను ఏమీ తినలేదు. అల్లం అని ఇస్తే చూశాను, గులాబీ రంగులో ఉంది. అల్లానికి రంగెందుకు? తినే పుల్లలు కాగితం చుట్టి ఇచ్చారు. విప్పకుండా నా సంచిలో వేసుకున్నాను, కరివేపాకు కుండీలో మొక్కకు ఊతంగా పనికొస్తాయి.

ఆ చోట నాకు నచ్చింది ఒకటే. బల్ల మీద బొమ్మతో సహా రాసి పెట్టారు, ఎంత కావాలంటే అంత తినొచ్చు, మిగిలిస్తే మాత్రం దండుగ కట్టాలి. ఆ రాసినవాడు నాకు ఎదురైతే దండం పెట్టేదాన్ని.

మిగిలింది. మనుమరాలు పందెం గెలిచిన పళ్ళెమల్లా తీసుకుంది. చేపను పుల్లలతో లాగి తిని, కింది అన్నం ముద్దలు వదిలేసింది. బల్ల నిండా బోడి అన్నం ముద్దలే. అప్పుడు మా అల్లుడు చేసిన పని చూడాలి. అటూ ఇటూ చూసి, ఒక ముద్దను కాగితపు రుమాలులో చుట్టి, ఖాళీ గిన్నె కింద తోశాడు. వడ్లు పండించే ఇంట్లో పుట్టినవాడు. పచ్చి చేపను చూసినప్పటి కంటే అది చూసినప్పుడు నాకు ఎక్కువ రోత పుట్టింది.

"ఏం జేస్తున్నరయ్యా అది?"

"ఏం లేదత్తమ్మా... మిగిలిస్తే ఫైన్ ఏస్తరు."

"దొంగసొమ్ములెక్క అన్నాన్ని దాస్తరా? ఇటియ్యుండ్రి."

చుట్టింది కాగితానికి అంటుకుని పాడైపోయింది. మిగతా ముద్దలన్నీ ఒక పళ్ళెంలోకి తోశాను. నా సంచిలో ఎప్పుడూ ఒక చిన్న స్టీలు డబ్బీ ఉంటుంది, వెల్లిపాయ కారం. మూత తీశాను.

"అమ్మా, వద్దే!" మా కూతురు నా చేయి పట్టుకుంది. "బయటి తిండి ఈడ తినద్దు. అందరు చూస్తున్నరు."

"చూడనియ్యి. ఆళ్ళు పచ్చి చాపలు తింటుంటే నేను చూస్తలేనా?"

కలిపాను. అన్నం జిగురుగా వేళ్ళకు పట్టుకుంది. చక్కెర వేశారు, మీద పులుపు పోశారు, మూడో రోజు పులిహోర వాసన. ఇంత మంచి బియ్యాన్ని ఇలా చెడగొట్టడానికి ఎంత ఓపిక కావాలో! ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాను. కారం తగిలేసరికి కొంచెం మనుషుల తిండిలా అయింది.

పిల్ల కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది.

"అమ్మమ్మా, అది నాది! నా పుల్లలు తాకినయి. ఎంగిలి!"

ఆ మాట దానికి నేర్పింది నేనే. ఒకరు కొరికింది ఇంకొకరు తినొద్దని, ఒకరి గ్లాసులో ఇంకొకరు తాగొద్దని, పొద్దస్తమానం చెప్పేదాన్ని.

"నీ ఎంగిలి నాకు ఎంగిలి గాదు."

"ఎందుకు?"

"నా మనుమరాలివి గనుక."

అది ఈ మాటకు కరిగిపోయి నా ఒళ్ళో వాలుతుందని అనుకునేరు.

"నాకైతే నీ ఫింగర్స్ ఇంక ఇగిట్‌నే," అంది.

అని, పళ్ళెంలో నేను చేసి పెట్టిన ఎర్ర ముద్దను పుల్లతో పొడిచి నోట్లో వేసుకుంది. "షార్ఫ్!" అని అరిచింది, కారం అని. కళ్ళల్లో నీళ్ళు. నీళ్ళు తాగి, "ఇంకొకటి," అంది. నేను చేసి పెడుతున్నాను, అది పొడుచుకుంటోంది. అల్లుడు తల దించుకుని రెండు ముద్దలు తిన్నాడు. కూతురు అటు తిరిగి ఒకటి నోట్లో వేసుకుంది. పళ్ళేలు తీసే పిల్లాడు వచ్చి డబ్బీ వైపు ఒకసారి, నా వేళ్ళ వైపు ఒకసారి చూసి ఏదో అన్నాడు. మా కూతురు సారీలు చెప్పుకుంది. నేను డబ్బీ మూసి సంచిలో వేశాను. పళ్ళెంలో మెతుకు లేదు. ఇక దండుగ ఏదని అడుగుతాడు?

తిరిగి వస్తూ ట్రాములో పిల్ల నా పక్కన కూర్చుంది.

"వచ్చే సండే గూడ పోదామా?"

"నేను రాను. నాకు రోత."

"నువ్వు లేకుంటే షార్ఫ్ బుక్క ఎట్ల?"

"బుక్క ఇంట్ల ఉంటది."

"ఇంట్ల బెల్ట్ లేదు. బోరింగ్." కాళ్ళు ఊపుతూ ఆలోచించింది. "నా ట్రెయిన్ ఉంది గదా! ట్రెయిన్ మీద పెట్టి పంపు. అప్పుడు నీ ఫింగర్స్ రావు."

దానికి ఒక చెక్క రైలు ఉంది, బ్యాటరీ ఇంజనుది. ఏడాదిగా అది సోఫా కింద, చెప్పుల స్టాండు చుట్టూ, ఒకసారి మరుగుదొడ్డి గుమ్మం దాకా తిరిగిన రైలు.

"ఛీ! ఆ రైలు మీద అన్నమా?"

"కడుగుదాం."

కూతురు, అల్లుడు వెనుక సీట్లోంచి ముందుకు వంగి నా జవాబు కోసం చూస్తున్నారు. నాకు తెలుసు, వద్దంటే వచ్చే ఆదివారం వాళ్ళు ముగ్గురూ ఆ పిల్లిబొమ్మ దగ్గరికి పోతారు, నేను పెద్ద పళ్ళెం ముందు ఒక్కదాన్నే కూర్చుంటాను.

"రైలుంటే ఇంట్లనే తింటవా? మీ నాయిన, మీ అమ్మ, అందరు?"

"అందరు."

శనివారం ఆ రైలును నేనే కడిగాను. పిల్లను కడగనిస్తే నీళ్ళు చల్లి తెస్తుంది. చక్రాలకు వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి, ఎవరివో, ఎప్పటివో. పాత టూత్ బ్రష్షుతో తీశాను. ఒక పెట్టె కింద ఎండిపోయిన చాక్లెట్ ఉంది, దాన్ని గోటితో గీకాను. ఇంజనును తడిగుడ్డతో తుడిచి, మిగతా పెట్టెలను చింతపండుతో తోమి, వేడినీళ్ళు పోసి, బాల్కనీలో ఆరబెట్టాను. ఇత్తడి బిందెకు కూడా అంత సేవ చేయలేదు.

ఆదివారం చాప మీద పట్టాలు గుండ్రంగా పరిచారు. నేను ఒక చివర కూర్చుని పప్పన్నం కలిపి, చిన్న ముద్దలు చేసి పెట్టెల్లో పెట్టాను. రైలు గుయ్యిమంటూ కదిలింది. సోఫా కాలు దాటి, మలుపు తిరిగి, పిల్ల ముందుకు, తరువాత దాని తల్లి ముందుకు, అల్లుడి ముందుకు. మలుపులో ఏ పెట్టె పడిపోతుందోనని పందెం. నేను ఒకటే షరతు పెట్టాను, తీసిన ముద్ద మళ్ళీ బండి ఎక్కొద్దు. అందరూ సరే అన్నారు. నాకు చూడబుద్ధి కాలేదు. పట్టాల మీద నెయ్యి కారుతోంది, చాప మీద మెతుకులు, ఏరుకుని తిందామంటే వాటికి కార్పెట్టు బొచ్చు. అయినా ఎవరూ లేచి పోలేదు. ఫోన్లు పక్క గదిలో ఉన్నాయి.

పళ్ళెం ఖాళీ అయ్యే వేళకు పిల్ల అడుగున ఉన్న అన్నం తన దగ్గరికి లాక్కుంది. తన వేళ్ళతోనే నలిపి ముద్ద చేసింది. ముద్ద పెద్దదయింది, పెట్టెలో పట్టలేదు. నేను చూస్తుండగానే దాన్ని సగం కొరికి, మిగిలిన సగం పెట్టెలో కుక్కి, మీట నొక్కింది.

"అమ్మమ్మా, నీ లాస్ట్ బుక్క వస్తుంది!"

కొరికిన చోట పంటి గుర్తులు. ఊడిన పంటి సందు కూడా అచ్చు పడింది. రైలు మెల్లగా అందరినీ దాటుకుంటూ నా మోకాలి దగ్గరికి వచ్చి ఆగింది. అల్లుడు నా వైపు చూస్తున్నాడు. షరతు నేనే పెట్టాను కదా.

"ఛీ, ఏం పిల్లవే," అన్నాను. తీసుకుని తిన్నాను. ఉప్పు తక్కువ, తడి చెక్క వాసన.

అప్పటి నుంచి శనివారాలు నాకు రైలు కడగడంతోనే సరిపోతోంది.