కోనాం చేప ఎవరింటికి

గాజువాక ఆటోనగర్‌లో ఒకే షెడ్డు, రెండు మిల్లింగ్ మిషన్లు. ఒకదాని మీద యోహాన్, రెండోదాని మీద అతని బామ్మర్ది డానీ. డానీకి పని నేర్పింది యోహానే. ఇప్పుడు కడుపుమంటా అక్కడే.

ఎందుకంటారా? హార్బర్లో వరహాలమ్మకి బోటుంది. తన బోటుకి ఎవరు సామాను చేస్తే, మొదటి వేటలో పడ్డ కోనాం చేప వాళ్లింటికి పంపడం ఆవిడ ఆనవాయితీ. ఏళ్ల తరబడి ఆ చేప యోహానింటికే వచ్చేది. పోయినసారి డానీ ఇంటికెళ్లింది. ఆ పూట యోహాన్ పప్పుచారు తింటూ, ఉప్పు లేదని పెళ్లాం ఫ్లోరెన్స్ మీద విసుక్కున్నాడు. ఉప్పు సరిగ్గానే ఉంది పాపం.

ఈసారి వల లాగే కప్పీకి బ్రాకెట్ కావాలని వచ్చిందావిడ. వస్తూనే, "డానీ ఏడీ?" అంది. యోహాన్ చేతిలో టీ చప్పబడిపోయింది.

డానీ కొలతలు చూసి, "సిక్స్‌టీ సిక్స్‌టీవన్ అల్యూమినియం ఏద్దామమ్మా. చట్రానికి వెల్డింగ్ బాగా పడతాది, ఉప్పునీటికీ ఆగతాది" అన్నాడు.

అది నిజమని యోహాన్‌కి తెలుసు. తనే నేర్పాడు మరి. అయినా నోరు ఊరుకుంటేనా.

"అదేటి, కిటికీ తలుపులకి ఏసే సరుకా? సెవెంటీ సెవెంటీఫైవ్ రకం ఎయ్యండి. ఇమానాలకి ఏత్తారు. దానంత గట్టిది నేదు."

గట్టిదే, కాదనం. కానీ వెల్డింగ్ పెడితే పగుల్తుంది, ఉప్పుగాలికి పొరలు పొరలుగా లేస్తుంది. ఆ ముక్క మాత్రం మింగేశాడు.

"పెద్దోడు సెప్పాడంటే అంతే. నువ్వే సెయ్యి యోహానూ" అనేసి వరహాలమ్మ వెళ్లిపోయింది.

డానీ కొలతల కాయితం తెచ్చి బావ చేతిలో పెట్టాడు. అదింకా మండింది.

ఏ దిమ్మ ఏ రకమో తెలియడానికి వాళ్లు చివర రంగు పూస్తారు. యోహాన్ సెవెంటీ సెవెంటీఫైవ్‌ది, ఎర్రరంగు దిమ్మ బిగించాడు. మిషన్ తిరుగుతుంటే పులుసు వాసనే వచ్చేస్తోంది ముక్కుకి. అంతలో, ఆ కప్పీ కింద నిలబడి వల లాగేది వరహాలమ్మ కొడుకులేనని గుర్తొచ్చింది. మిషన్ ఆపేశాడు. దిమ్మ విప్పేసి, వరహాలమ్మకి ఫోన్ చేశాడు.

"అక్కా, నాను సెప్పింది తప్పు. డానీ సెప్పిందే ఎయ్యాల. ఆడే సేత్తాడు."

"మరప్పుడలాగన్నావేటి?"

"ఆడు ముందు సెప్పేసేడు కదక్కా."

ఆవిడ నవ్వేసింది. ఆ నవ్వు చెవిలో రోజంతా గుచ్చుకుంది.

పచ్చరంగు దిమ్మతో డానీ బ్రాకెట్ చేశాడు. బోటు వేటకెళ్లొచ్చింది, కోనాం డానీ ఇంటికొచ్చింది. సాయంత్రానికి అందులో సగం పట్టుకుని అక్కగారింటికొచ్చాడు. "బావకి తలకాయ పులుసు ఇష్టం కదక్కా."

"తలకాయ నాకిచ్చి, నడుంముక్కలు నువ్వుంచుకున్నావన్నమాట" అన్నాడు యోహాన్.

"నువ్వు నేర్పిన లెక్కే బావా."

ఫ్లోరెన్స్ వడ్డించింది. ముల్లుముల్లుకీ అది డానీ చేపేనని తెలుస్తూనే ఉంది. రుచి మాత్రం అద్భుతం, అదొకటి మళ్లీ.

"ఇంకో ముక్కెయ్యి" అన్నాడు యోహాన్, డానీకేసి చూడకుండా. "వచ్చేసారి ఎవలు సేత్తారో సూద్దాం."